గంజాయి మానేసి ఆరు రోజులు, నిద్ర లేదు. ఎన్నాళ్లు ఇట్లా?

మిల్లు నైట్‌డ్యూటీ, మిర్యాలగూడ:
నాలుగేళ్లు రోజూ తాగాను. ఇప్పుడు తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే బనియన్ పిండితే నీళ్లు కారేలా ఉంటోంది. కన్నంటుకుంటే కలలు. రాత్రి కలలో, పోయిన మా నాయన బాయి గట్టు మీద నిలబడి మోటారు వేయమని అరుస్తున్నాడు. ఇంటామెకు చెప్పాలా?

పాలమూరు లారీ:
తమ్మీ, నాకు మొదటి వారం నరకం, మూడు వారాలకు తగ్గింది. గంజాయి ఆపి సిగరెట్లు రెండింతలు చేశాను, అదే తప్పు. నికోటిన్ కూడా నిద్ర చెడగొడుతుంది.

దేవరకొండ:
రెండు సీసాల కల్లు తాగి పడుకో. మా మామ అట్లనే మానాడు.

జడ్చర్ల అక్క:
ఆ మాట వెనక్కి తీసుకోండి. మా ఆయన సీసా కల్లుకు అలవాటుపడి ఒక్కసారిగా ఆపితే, మూడో రోజు ఫిట్స్ వచ్చి వాకిట్లో పడ్డాడు. నాలుక కొరుక్కున్నాడు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. అన్నీ మత్తుమందులే.

మోకు, నకిరేకల్:
అక్కా, కల్తీ చేసేవాడు వేరు, చెట్టెక్కేవాడు వేరు. పొద్దున దింపిన లొట్టిలో నేనేం కలుపుతాను? మా అమ్మ కూడా అదే తాగుతుంది.

జడ్చర్ల అక్క:
మిమ్మల్ని అనలేదు. దుకాణంలో సీసా ఏ చెట్టుదో ఎవరు చెప్పగలరు?

దేవరకొండ:
ఒక్క మాటకు ఇంతమంది మీద పడాలా? నేనన్నది చెట్టు కల్లే!

జడ్చర్ల అక్క:
సీసాలు అని రాసింది మీరే.

వార్డు సిస్టర్:
కల్లు గొడవ ఆపండి. డీఅడిక్షన్ వార్డులో పదేళ్ల నుంచి ఈ చెమటలు, ఈ కలలే చూస్తున్నాను. గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ మొదట్లో తొందరగా నిద్ర పట్టిస్తుంది, కానీ కలలొచ్చే రెమ్ నిద్రను తగ్గిస్తుంది. రోజూ తాగితే ఆ మోతాదు చాలదు. ఆపగానే అణిగిన కలలన్నీ తన్నుకొస్తాయి. పిచ్చేమీ కాదు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం కొనొద్దు. మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి.

హాలియా:
ఆస్పత్రికి పోతే కేసు పెట్టరా?

వార్డు సిస్టర్:
1985 నాటి మత్తుమందుల చట్టం, అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ చదవండి. వాడకం కేసు ఉన్నా, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట చికిత్సకు వచ్చినవాడికి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే అది పోవచ్చు.

మోకు, నకిరేకల్:
అక్కా, మీ ఆయన ఇప్పుడెట్లా ఉన్నాడు?

మిల్లు నైట్‌డ్యూటీ, మిర్యాలగూడ:
ఎనిమిదో రోజు. నాలుగున్నర గంటలు పడుకున్నాను. తడిసిన బనియన్లు చూసి ఇంటామె నాకేదో రోగమని భయపడుతోందట. చెప్పేశాను.