పాత బాన్షీలో టార్స్ ఉంచాలా, పీకేయాలా?

ఇసుకతిన్నె (ఫీనిక్స్)

అందరికీ నమస్కారం. ఒకరి గ్యారేజీలో మూలపడి ఉన్న యమహా బాన్షీ కొన్నాను. ఇసుకలో, మట్టిలో నడిపే నాలుగు చక్రాల బండి. 2002 మోడల్. కిక్కు కొడితే లేస్తోంది, చప్పుడు కూడా బాగుంది. కానీ ఎక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒక్కోసారి మధ్యలోనే తడబడుతుంది. ఎంత నొక్కినా వేగం అందుకోదు. కాసేపటికి దానంతట అదే సర్దుకుంటుంది.

చూసిన ప్రతివాళ్లదీ ఒకటే సలహా: ‘టార్స్ పీకి పారేయండి.’ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఈ బండికి రెండు కార్బ్యురేటర్లు. వాటి మూతల్లో స్విచ్చులుంటాయి. బొటనవేలితో నొక్కే ఎక్సిలరేటర్ దగ్గర ఇంకో స్విచ్చు. వేలు తీసేసినా కార్బ్యురేటర్ లోపలి స్లైడు (గాలి దారిని తెరిచి మూసే పలక) కిందికి దిగలేదంటే, ఎక్సిలరేటర్ ఇరుక్కుందని ఒక చిన్న పెట్టె గ్రహించి, స్పార్కును కోసి ఇంజను వేగం పెరగనివ్వదు. పార్కింగ్ బ్రేకు వేసి ఉన్నా అంతే. దాన్నే టార్స్ అంటారు.

మా ఆవిడ మాట వేరు. ‘ప్రాణం కాపాడడానికి కంపెనీవాళ్లు పెట్టినదాన్ని నువ్వు పీకడమేమిటి?’ అంటోంది. నవంబరులో మిత్రులతో కలిసి కాలిఫోర్నియాలోని గ్లామిస్ ఇసుక దిబ్బలకు వెళ్లాలని ఉంది. ఏం చేయమంటారు?

రెండు సిలిండర్లు

పీకేయండి. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

ఇరవై ఏళ్లు దాటిన స్విచ్చులు, వాటికి అంతే వయసున్న వైర్లు. బండి కడిగిన ప్రతిసారీ నీళ్లు దిగుతాయి, దుమ్ము పడుతుంది. అప్పుడు ఎక్సిలరేటర్ ఇరుక్కోకపోయినా ఇరుక్కుందని పెట్టెకు కబురు పోతుంది. దిబ్బ ఎక్కుతూ ఇక శిఖరం వచ్చేస్తుందనుకున్న చోట స్పార్కు ఆగితే ఏమవుతుందో ఊహించుకోండి. వెనక చక్రాలు ఇసుకలో దిగబడతాయి, బండి వెనక్కి జారుతుంది. దీనికి రివర్సు గేరు కూడా లేదు. కాపాడాల్సిన పరికరమే ప్రమాదం తెచ్చిపెడుతుంటే దాన్ని పట్టుకుని వేలాడడం దేనికి?

మార్కెట్లో టార్స్ లేని మూతలు, కేబులు కలిపి దొరుకుతాయి. ఐడిల్ స్క్రూ (వేలు తీసినప్పుడు ఇంజను ఆగకుండా తిరిగే వేగాన్ని సర్దేది) పక్కకు మారుతుంది కాబట్టి కార్బ్యురేటర్‌కు ఆ మేరకు చోటు చేయించుకోవాలి. ఒక పూట పని.

నిదానం

అన్నా, ఒక పూట పనే. కానీ ఆ పూట మనం తీసేస్తున్నది ఏమిటో చూడాలి.

మోటారుసైకిల్ మీద ఎక్సిలరేటర్ ఇరుక్కుంటే పిడికిలితో వెనక్కి తిప్పి మూయవచ్చు. ఇక్కడ బొటనవేలితో నొక్కడమే తప్ప వెనక్కి లాగే వీలు లేదు. స్ప్రింగు లాగితేనే స్లైడు దిగాలి. గ్లామిస్ ఇసుక పిండి కంటే కాస్త గరుకు, అంతే. ఎయిర్ ఫిల్టర్‌కు నూనె సరిగా పట్టించకపోతే ఆ రేణువులు నేరుగా స్లైడు పక్కకు చేరతాయి. స్లైడు సగంలో నిలిచిపోయిన రోజు మనకు మిగిలేది ఎడమ చేతి దగ్గర ఇంజను ఆపే కిల్ స్విచ్చు, క్లచ్చు. బండి ఎగిరిపడుతున్నప్పుడు ఆ స్విచ్చు వేలికి అందుతుందని ఎవరు హామీ ఇస్తారు?

ఈ బండ్ల చరిత్ర కూడా గుర్తుంచుకోండి. మూడు చక్రాల బండ్ల ప్రమాదాలు పెరిగి, 1988లో తయారీదారులు అమెరికా ప్రభుత్వంతో కోర్టు ఒప్పందం చేసుకుని వాటి అమ్మకం ఆపేశారు. తొంభై సీసీ దాటిన నాలుగు చక్రాల బండిని పదహారేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదన్న హెచ్చరికా ఆ నేపథ్యంలోనిదే. అలాంటి కాలంలో పెట్టిన పరికరం ఇది. వైరు పాడైతే వైరు మార్చాలి గాని పరికరాన్నే పారేస్తామా?

రెండు సిలిండర్లు

నిదానం గారూ, కిల్ స్విచ్చు వేలికి అందదంటే తాడు స్విచ్చు పెట్టుకోమనండి. ఒక కొస మణికట్టుకు, ఇంకో కొస హ్యాండిల్‌కు. మనిషి పడితే ఇంజను ఆగుతుంది. టార్స్ ఆ పని చేయదు. వేలు ఎక్సిలరేటర్ మీదే బిగుసుకుపోతే దానికి అంతా సవ్యంగా ఉన్నట్టే లెక్క.

పాత రాజ్‌దూత్

తాడు స్విచ్చు సంగతిలో రెండు సిలిండర్లు గారి మాట సరైనదే. టార్స్ ఉన్నా లేకపోయినా అది ఉండాలి. కానీ మీ ఇద్దరి వాదనలో ఇసుకతిన్నె గారి ఇంజను గురించి ఒక్క మాటా రాలేదు.

ఈ ఇంజను మనవాళ్లకు కొత్తదేమీ కాదు. 347 సీసీ, రెండు సిలిండర్లు, 64 మి.మీ. బోరు, 54 మి.మీ. స్ట్రోకు. ఎనభైల్లో ఎస్కార్ట్స్ మన దేశంలో తయారు చేసిన రాజ్‌దూత్ 350 బైకువి కూడా ఇవే కొలతలు. రెండూ టూ స్ట్రోకు ఇంజన్లే. దాన్ని గాలి చల్లబరిచేది, దీన్ని నీళ్లు చల్లబరుస్తాయి. దానికి ఆయిలు పంపు ఉండేది, దీనికి పెట్రోల్లోనే కలిపి పోయాలి. బాన్షీని 1987 నుంచి 2006 దాకా అమెరికాలో అమ్మారు. అన్నేళ్లూ మౌలికంగా ఇదే ఇంజను.

టూ స్ట్రోకులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం మొదట పిస్టన్ కింది గదిలోకి, అంటే క్రాంక్‌కేసులోకి వెళ్లి, పిస్టన్ దిగినప్పుడు అక్కడి నుంచి పైకి తోసుకొస్తుంది. అంటే క్రాంక్‌కేసు ఒక పంపు. పంపుకు ఎక్కడ చిల్లు పడినా గాలి దొంగతనంగా లోపలికి దూరుతుంది, పెట్రోలు పాలు తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. ఏళ్ల తరబడి నిలబడిపోయిన బండిలో ఈ చిల్లులు ఉండి తీరతాయనే అనుకోవాలి. కార్బ్యురేటర్‌ను సిలిండర్‌కు కలిపే రబ్బరు పగులుతుంది. క్రాంకు రెండు కొసల దగ్గర గాలిని ఆపే రబ్బరు సీళ్లు ఎండి గట్టిపడతాయి. ఎడమవైపు మాగ్నెటో (కరెంటు పుట్టించే భాగం) దగ్గరి సీలు పోతే గాలి పీల్చుకుంటుంది. కుడివైపు క్లచ్చు దగ్గరి సీలు పోతే గేరు ఆయిలు లాక్కుని తెల్లటి పొగ వదులుతుంది, గేరు ఆయిలు మట్టం తగ్గుతూ వస్తుంది.

టార్స్‌తో దీనికి సంబంధం ఏమిటంటే: గాలి లీకైన ఇంజను, మీరు వేలు తీసినా వెంటనే వేగం తగ్గించదు, పైన వేలాడుతూ ఉంటుంది. ఎక్సిలరేటర్ ఇరుక్కుందనిపిస్తుంది. కానీ స్లైడు కిందే ఉంది. టార్స్ చూసేది స్లైడునే కాబట్టి అది కిమ్మనదు. నిదానం గారూ, దాన్నే నమ్ముకుని కూర్చుంటే ఈ రోగం మీకు కనిపించదు. రెండు సిలిండర్లు గారూ, దాన్ని పీకినంత మాత్రాన ఈ రోగం పోదు.

కాబట్టి ముందు లీకు పరీక్ష. సైలెన్సర్లు, కార్బ్యురేటర్లు విప్పండి. రెండు ఎగ్జాస్టు రంధ్రాలనూ, రెండు ఇంటేకు రబ్బర్లనూ బిగుతైన రబ్బరు బిరడాలతో మూయండి. ప్లగ్గులు అలాగే ఉండనివ్వండి. ఒక బిరడా గుండా చేతిపంపుతో 6 పీఎస్ఐ గాలి ఎక్కించి మీటరు చూడండి. అంతకు మించి ఎక్కించవద్దు, సీళ్లు దెబ్బతింటాయి. ఆరు నిమిషాలు ముల్లు కదలకపోతే ఇంజను బిగుతుగా ఉన్నట్టు. పడిపోతుంటే సబ్బు నీళ్లు రాస్తూ వెళ్లండి, బుడగ ఎక్కడ లేస్తే చిల్లు అక్కడ. మాగ్నెటో వైపు సీలు చూడాలంటే కవరు, ఫ్లైవీల్ విప్పక తప్పదు. బద్ధకించవద్దు.

ఈ పరీక్ష చేయకుండా కొత్త సైలెన్సర్లు, పెద్ద ఫిల్టర్లు బిగించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రెండు సిలిండర్లు

పరీక్ష చేయాలి, ఒప్పుకున్నాను. ఇంకో మాట. మాన్యువల్లో 24:1 పాళ్లలో, అంటే 24 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు కలపమని ఉంది. అది ఎనభైల నాటి ఆయిళ్ల లెక్క. ఇప్పటి సింథటిక్ ఆయిలుకు 40:1 చాలు. ఊళ్లో ఆర్‌ఎక్స్ 100కు ఆయిలు పంపు తీసేసి పెట్రోల్లోనే కలిపి నడిపినవాళ్లను అడగండి, ఆయిలు ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి ఎలా చంపుకు తినేదో చెబుతారు. ఇసుకతిన్నె గారి బండి తడబాటు కూడా అదే అయి ఉండవచ్చు.

పాత రాజ్‌దూత్

ప్లగ్గు తడిస్తే దానంతట అదే సర్దుకోవడం అరుదు. వచ్చి పోయే తడబాటంటే నాకు ముందు వైర్ల మీదే అనుమానం.

పాళ్ల సంగతి. ఒక గాలన్‌కు 24:1 అంటే దాదాపు 158 మి.లీ. ఆయిలు, 40:1 అంటే 95 మి.లీ. ఆయిలు పెంచితే మిశ్రమం చిక్కబడుతుందని చాలామంది అనుకుంటారు. కార్బ్యురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే జెట్టు రంధ్రం మారదు. దాని గుండా పోయే ద్రవంలో ఆయిలు పాలు పెరిగితే పెట్రోలు పాలు తగ్గుతుంది. గాలితో పోల్చుకుంటే ఇంజనుకు అందే పెట్రోలు తగ్గినట్టే. అందుకే పాళ్లు మారిస్తే ప్లగ్గు రంగు మళ్లీ చూసుకోవాలి. నేను 32:1 దగ్గర ఆగుతాను. ఇసుకలో వెడల్పు పట్టీల టైర్లతో ఇంజను నిరంతరం బరువు లాగుతూనే ఉంటుంది, అక్కడ ఆయిలు దగ్గర పొదుపు నాకు నచ్చదు. మీరు 40 అంటే మీ ఇష్టం.

జెట్లు అంతకంటే ముఖ్యం. కంపెనీ మెయిన్ జెట్టు 200. పాత యజమాని సైలెన్సర్లు మార్చి ఉంటే అది చాలదు, విప్పి నంబరు చూడండి. ఆయన ఎక్కడ నడిపేవాడో కూడా అడగండి. మీ అరిజోనాలోనే ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్ 2,100 మీటర్ల ఎత్తు, గ్లామిస్ దాదాపు సముద్రమట్టం. పైన పలుచని గాలికి సరిపోయిన జెట్టుతో కింద చిక్కని గాలిలో పూర్తి ఎక్సిలరేటర్ ఇస్తే పిస్టన్ కరుగుతుంది. నవంబరు ఉదయపు చలి దానికి తోడు. ఇంజను వేడెక్కకముందే దిబ్బ ఎక్కించినా పట్టేస్తుంది. రేడియేటర్ చేతికి వెచ్చగా తగిలేదాకా ఆగండి.

నిదానం

మంచి మాటలు. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఇంజను బిగుతుగా ఉంది, జెట్టు సరిగ్గా ఉంది, తాడు స్విచ్చు ఉంది. అప్పుడు టార్స్ ఉంటే నష్టమేమిటి?

ఇంకో సంగతి. చాలామంది మూతలు మార్చరు, టార్స్ పెట్టె వైరు కనెక్టరు ఊడదీసి వదిలేస్తారు. ఇది అన్నింటికంటే చెడ్డ పద్ధతి. స్విచ్చులున్న ఆ బరువైన మూతలు అలాగే ఉంటాయి, రక్షణ మాత్రం ఉండదు. రేపు బండి కొన్నవాడు టార్స్ ఉందనే అనుకుంటాడు. తీస్తే పూర్తిగా తీయాలి, లేకపోతే ముట్టుకోకూడదు.

ఇసుకతిన్నె (ఫీనిక్స్)

అందరికీ ధన్యవాదాలు. వారాంతం అంతా గ్యారేజీలోనే గడిచింది.

తడబాటుకు కారణం దొరికింది. ఎడమ హ్యాండిల్ దగ్గర పార్కింగ్ బ్రేకు స్విచ్చు విప్పితే లోపలి రాగి కొసలన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. బ్రేకు వదిలేసి ఉన్నా, వేసి ఉందనే కబురు పెట్టెకు వెళ్తోంది. శుభ్రం చేసి బిగించాక వీధి చివరిదాకా తడబడకుండా లాగింది.

లీకు పరీక్షలో ముల్లు నిలబడలేదు. ఎడమ ఇంటేకు రబ్బరు మడతలో సబ్బు నీళ్లు బుసబుసా పొంగాయి. వేలితో వంచితేనే ఆ పగులు కనిపిస్తుంది, మామూలుగా చూస్తే రబ్బరు కొత్తదే అనిపిస్తుంది. రెండు రబ్బర్లూ తెప్పిస్తున్నాను. జెట్టు 200 ఉంది, సైలెన్సర్లు కూడా కంపెనీవే కాబట్టి అక్కడ చిక్కు లేదు.

టార్స్ ఈ సీజనుకు ఉంచుతున్నాను. తాడు స్విచ్చు కూడా కొన్నాను.

రెండు సిలిండర్లు

చూశారా, చివరికి తప్పు టార్స్ స్విచ్చుదే! ఇవాళ చిలుము గోకారు, మళ్లీ బండి కడిగాక అక్కడే నీళ్లు చేరతాయి. మూతల్లోని స్విచ్చుల వంతు ఇంకా రాలేదు.

నిదానం

స్విచ్చు ఖరీదెంత, దాని మీద కాస్త గ్రీజు ఖరీదెంత?

పాత రాజ్‌దూత్

మీరిద్దరూ తేల్చుకోండి. ఇసుకతిన్నె గారూ, కొత్త రబ్బర్లు వేశాక లీకు పరీక్ష మళ్లీ చేయండి. ఒక చిల్లు మూస్తేనే రెండోది బయటపడుతుంది. తర్వాత ఫిల్టర్ తీసి, రెండు స్లైడుల కిందా వేలు పెట్టి ఎక్సిలరేటర్ మెల్లగా నొక్కండి. రెండూ ఒకే క్షణంలో లేవాలి. ఒకటి ముందు లేస్తే ఆ సిలిండరే బరువంతా మోస్తుంది. కేబులు సర్దితే సరిపోతుంది. వెనక యాక్సిల్ నట్లు కూడా బిగించి చూడండి, ఈ బండిలో అవి తరచూ వదులవుతాయి.