రూఫ్ గుడ్డ వేలాడుతోంది: అతికించాలా, మొత్తం దింపాలా?

వేలచేరి ఐకాన్:
మాది చెన్నై, బండి 2004 ఫోర్డ్ ఐకాన్ కారు. ఈ ఎండలకి రూఫ్ గుడ్డ వెనకవైపు ఊడి సంచిలా దిగింది. అద్దంలో వెనక బండ్లే కనబడట్లేదు. సీటు కవర్ల షాపాయన సిరంజితో గమ్ ఎక్కిస్తే చాలంటాడు. మెకానిక్ మొత్తం దింపాల్సిందే అంటాడు. ఎవరి మాట వినాలి?

పెరంబూర్ ఎస్టీమ్:
సిరంజి మాట నేను నమ్మాను. నెల తిరక్కుండానే మళ్లీ దిగింది, పైగా గమ్ బయటికి ఊరి గుడ్డంతా మచ్చలు. అసలు గుడ్డకీ పైన అట్టకీ మధ్య పల్చటి స్పాంజి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికీ మన సముద్రపు గాలి తేమకీ అదే పొడైపోతుంది. ఊడినచోట వేలితో రాసి చూడండి. పొడి అంటిందా, ఇక గమ్ మీద ఆశ వదులుకోండి. పిండి చల్లిన పీట మీద స్టిక్కర్ నిలుస్తుందా?

అంబత్తూరు షెడ్డు:
ఇరవై ఏళ్లు దాటిన బండికి ఇంత వైభోగమా! నేను మెలితిప్పే పిన్నులు గుచ్చాను, రెండేళ్లుగా కదల్లేదు. చూడ్డానికి పరుపు కుట్టినట్టుంటుంది, ఉండనీ. అట్ట దింపేటప్పుడు విరిగితే? ఫోర్డ్ వాళ్లు ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని 2021లోనే చెప్పేశారు. పుదుప్పేటలో పాత సామాన్ల మధ్య వెతుక్కోవాలి.

పెరంబూర్ ఎస్టీమ్:
తొందరపడితేనే విరుగుతుంది. లైటు, సన్‌వైజర్లు, హ్యాండిళ్లు, అద్దాల మధ్య నిలువు పిల్లర్ల ప్లాస్టిక్‌లు విప్పి, ముందు సీట్లు వాల్చి, ఇద్దరు పట్టుకుని మెల్లగా బయటికి తీయాలి. ముక్కుకి మాస్క్ కట్టుకుని పాత స్పాంజి పొడంతా బ్రష్‌తో రాలగొట్టాలి. ఇక్కడ బద్ధకిస్తే మిగతా కష్టమంతా గంగపాలే. వేడిని తట్టుకునే స్ప్రే గమ్ అట్టకీ కొత్త గుడ్డ వెనకవైపుకీ కొట్టి, కాస్త జిగటెక్కాక, మధ్యలోంచి అంచులకి అరచేత్తో సర్దుకుంటూ పోవాలి. స్పాంజి అంటించి ఉన్న గుడ్డే కొనండి. ఉత్త గుడ్డయితే అట్ట మీది ప్రతి గుంటా కనిపిస్తుంది.

బెంగళూరు జేసీ రోడ్డు:
ఒక్క మాట. కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (గుద్దుకున్నప్పుడు పక్క అద్దాల మీదికి తెరలా విచ్చుకునే గాలి సంచులు) ఉన్న బండి అయితే పక్క అంచుల్లో పిన్నులు గుచ్చొద్దు, సొంతంగా విప్పొద్దు. అవి ఆ అంచుల వెనకే ఉంటాయి. ఐకాన్‌కి ఆ బాధ లేదు.

వేలచేరి ఐకాన్:
వేలితో రాశాను. పసుపు డబ్బాలో ముంచినట్టుంది. ఆదివారం మా బావమరిదిని పిలిచాను, దింపేస్తున్నాం. అంబత్తూరు అన్నా, అట్ట విరిగితే పుదుప్పేటకి మీరే తోడు రావాలి.