ఎడమచేతి వాటం నత్త: కొత్త జాతేనా?

నర్సంపేట దగ్గర ఒక బడిలో జీవశాస్త్రం చెబుతాను. నిన్న వాన వెలిశాక ఏడో తరగతి పిల్లవాడు జామెట్రీ డబ్బాలో నత్తను తెచ్చి, “సార్, దీని సుడి తిరగబడింది” అన్నాడు. నిజమే. గుల్ల మొన పైకి, మూతి నా వైపు పెట్టి చూస్తే మూతి ఎడమ పక్కన ఉంది. బడి గోడ వెంట ముప్పై గుల్లలు ఏరాను, అన్నిటికీ కుడి పక్కనే. రంగు మాత్రం అచ్చం వాటిదే: తేనె రంగు, నడుమ సన్నటి గోధుమ చార. స్టాఫ్ రూమ్‌లో అప్పుడే దానికి నా పేరు పెట్టేశారు. కొత్త జాతి అనుకోవచ్చా?

పాకాల బాటసారి: సొంత పేరు పెట్టుకోకూడదని నియమం లేదు కానీ మర్యాద కాదు మాస్టారూ. పిల్లవాడి పేరు పెట్టండి.

గుల్లల పెట్టె: హనుమకొండలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. ఇంట్లో అగ్గిపెట్టెల నిండా గుల్లలే, మా ఆవిడ తిట్లూ అన్నే. తొందరపడకండి. తోటివన్నీ కుడికి తిరిగి ఇదొక్కటే ఎడమకు తిరిగితే అది అద్దంలో బొమ్మ లాంటిది, వేరే జాతి కాదు. 2016లో లండన్‌లో దొరికిన జెరెమీ అనే తోట నత్త ఇలాంటిదే. కుడివాటితో అవయవాలు ఎదురుపడవు కనుక పాపం దానికి జోడీ వెతకడమే పెద్ద పని అయింది. చివరికి పిల్లలు పుడితే అన్నీ కుడి సుడులే! జాతి మొత్తం ఎడమ వాటమైనవి వేరే ఉన్నాయి, పడమటి కనుమల అరియోఫాంటా లేవిపెస్ లాగా.

అసలు గుల్లను చూసి పేరు పెట్టే రోజులు పోయాయి. ఒకే జాతి గుల్ల తడి చోట ఒకలా, ఎండు గట్టు మీద ఇంకోలా ఉంటుంది. అందుకే జననాంగాలు కోసి చూస్తారు, నాలుక మీద ఆకురాయిలా ఉండే పళ్ల వరుసలు లెక్కిస్తారు, ఇప్పుడు డీఎన్‌ఏ కూడా. ఆపైన 1908, 1914, 1921లలో వచ్చిన మన దేశపు నత్తల సంపుటాలు తిరగేసి, మొదట పేరు పెట్టిన నమూనాలతో పోల్చాలి. వాటిలో చాలా భాగం లండన్‌లోనే ఉన్నాయి.

సుడులు ఎన్నో లెక్కపెట్టారా? తోటివాటికంటే తక్కువైతే అదింకా పిల్ల. అవయవాలు ఎదగవు, కోసినా ఏమీ తెలియదు.

అడిగినవారు: దీనికి మూడున్నర సుడులు, మిగతావాటికి ఐదు. కోయనని పిల్లవాడికి మాట కూడా ఇచ్చేశాను. డబ్బా మూతకు చిల్లులు పొడిచి, కీరదోస ముక్క, కోడిగుడ్డు పెంకు వేశాం. పొద్దున చూస్తే కీరదోస అలాగే ఉంది, పెంకు అంచు మాత్రం గీరినట్టు గరుకుగా ఉంది.