ఉగ్రదాడి తర్వాత ముస్లిం వలసదారులు జనంలో కలవడం తగ్గుతుందా?

వానచినుకు:
ఎక్కడ ఉగ్రదాడి జరిగినా "వీళ్ళు మనతో కలవరు, అందుకే ఇలా" అనే మాట వెంటనే వస్తుంది. కలవకపోవడం వల్ల దాడులా, దాడుల తర్వాత జరిగేదాని వల్ల కలవడం తగ్గుతోందా? అమెరికాలో 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఏమైందో తెలిసినవాళ్ళు చెప్పండి.

నీలిగోరింట:
రెండోదానికి గట్టి ఆధారమే ఉందండి. ఎఫ్‌బీఐ లెక్కల్లో ముస్లింల మీద విద్వేష నేరాలు 2000లో 28, 2001లో 481. ఎరిక్ గౌల్డ్, ఎస్తెబాన్ క్లోర్ అనే ఆర్థికవేత్తలు రాష్ట్రాలవారీగా పోల్చి చూస్తే, ఈ నేరాలు బాగా పెరిగినచోట ముస్లిం వలసదారులు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం పెరిగింది, ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళడం, ఇంగ్లీషు బాగా రావడం తగ్గాయి. మతం అన్ని రాష్ట్రాల్లోనూ అదే కదా, మారింది చుట్టూ ఉన్న వాతావరణం.

నాకు ఆడవాళ్ళ సంగతే ఎక్కువ బాధ. స్కార్ఫ్ కట్టుకున్నావిడ ఎవరో దూరం నుంచే తెలిసిపోతుంది. బస్‌స్టాప్‌లో ఎవడో ఒక మాట అంటాడు, మర్నాడు భర్త "ఒక్కదానివే వెళ్ళకు, నేనొచ్చాక వెళ్దాం" అంటాడు, ఆమె మంచి కోరే అంటాడు. కానీ ఇంగ్లీషు క్లాసు ఆయనొచ్చేదాకా ఆగదుగా. వారం మానేస్తే నెలవుతుంది, ఇక అంతే. పదేళ్ళ తర్వాత స్కూల్లో టీచర్ చెప్పేది పిల్లాడే పక్కన నిలబడి అమ్మకి చెప్పాలి. చూసినవాళ్ళేమో "ఇన్నేళ్ళయినా భాష నేర్చుకోలేదు" అంటారు.

రావిచెట్టు:
అంతా బయటివాళ్ళ తప్పేనా అండీ? పిల్లల్ని బయట కలవనివ్వని పెద్దలు 2001కి ముందూ ఉన్నారు. పైగా ఆ దాడిలో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి భయం ఉండదా?

నీలిగోరింట:
ఉన్నారు, కాదనను. ఆ భయమూ నిజమే. కానీ భయం గురి చూసుకోదండి. దాడి జరిగిన నాలుగో రోజే అరిజోనాలో పెట్రోల్ బంకు నడుపుకునే ఒక సిక్కుని తలపాగా చూసి కాల్చి చంపారు.

మనుషులే కాదు, ప్రభుత్వమూ అంతే. 2002లో వీసా మీద ఉన్న 25 దేశాల మగవాళ్ళని వచ్చి వేలిముద్రలిచ్చి నమోదు చేసుకోమన్నారు, ఉత్తర కొరియా తప్ప అన్నీ ముస్లింలు ఎక్కువున్న దేశాలే. 80 వేలమందికి పైగా తమంతట తామే వెళ్ళారు. అందులో 13 వేలమందికి పైగా దేశం నుంచి పంపేసే కేసుల్లో ఇరుక్కున్నారు, ఉగ్రవాదం మాత్రం ఒక్కరి మీదా రుజువు కాలేదు. పిలవగానే వెళ్ళి వరసలో నిలబడ్డవాళ్ళకే ఇలా అయితే, రేపు ఎవడైనా కొట్టినా ఆ ఇళ్ళల్లోవాళ్ళు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళరు.