గుండె గోడకి సూదితో రంధ్రం పెడతారట, భయంగా ఉంది

వేణు, చంద్రగిరి:
మా అమ్మకి 46 ఏళ్లు. మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు పై, కింది గదుల మధ్య తలుపు) సన్నబడిందట, బెలూన్ వేసి తెరుస్తామని తిరుపతిలో డాక్టర్ చెప్పారు. మూడేళ్ల కిందట అలిపిరి మెట్లన్నీ నడిచి ఎక్కిన మనిషి, ఇప్పుడు బిందెడు నీళ్లు తెస్తే ఆయాసం. ఆపరేషన్ లేదని సంతోషపడేలోపే, తొడ నుంచి వెళ్లి గుండె లోపలి గోడకి సూదితో రంధ్రం చేస్తామన్నారు. సూది తప్పితే? ఆ రంధ్రం అట్లే ఉండిపోతే?

క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్:
తమ్ముడూ, ఇలాంటివి చేసే గదిలోనే (క్యాథ్‌ల్యాబ్) నా పని. ఎక్కడపడితే అక్కడ గుచ్చరు. పై గదులు రెండింటి మధ్య గోడలో ఫోసా ఒవాలిస్ అని పల్చటి చోటు ఉంటుంది, కడుపులో ఉన్నప్పుడు రక్తం పోయిన దారే అది, పుట్టాక మూసుకుంటుంది. కుడి తొడ సిర నుంచి పొడుగాటి షీత్ (సన్నటి గొట్టం) పంపి, సూది మొన అందులోనే దాచి, పైనుంచి మెల్లగా కిందికి లాగుతారు. ఆ పల్చటి చోటికి రాగానే మొన టక్కున జారుతుంది, తెర మీద మేమంతా చూసేది ఆ జారుడు కోసమే. మరీ ముందుకి పోతే అయోర్టా (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని), మరీ వెనక్కి పోతే గుండె బయటి గోడ, అందుకే అయోర్టాలో పిగ్‌టెయిల్ క్యాథెటర్ (కొస చుట్ట తిరిగిన సన్నటి గొట్టం) ఒకటి గుర్తుగా పెట్టుకుంటారు. గుచ్చాక ప్రెషర్ గీత ఎడమ గదిదిగా మారాలి, లేదా ఎక్స్‌రే తెర మీద కనబడే మందు (డై) కొంచెం వదిలి చూస్తారు. అది ఖాయమయ్యేదాకా షీత్ నెట్టరు. సూది ఒక్కటే తప్పు చోట దిగితే వెనక్కి తీసి చాలాసార్లు గట్టెక్కుతారు, దాని వెనకే షీత్ కూడా పోయిందంటేనే పెద్ద ముప్పు. రంధ్రం మాత్రం చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే పూడుకుంటుంది.

రాజేశ్వరి, పలమనేరు:
నాకు 2019లో చేశారు. సూది కంటే ముందు నోట్లోంచి గొట్టం వేసి తీసిన ఎకో (గుండె స్కానింగ్) కష్టం. అందులో గుండెలో రక్తపు గడ్డ కనబడి, రక్తం పల్చబడే మందిచ్చి రెండు నెలలాగి రమ్మన్నారు. ఊరికే తిప్పుతున్నారని తిట్టుకున్నా. ఆ గడ్డ కదిలితే మెదడుకి పోయి పక్షవాతం రావచ్చని తర్వాత తెలిసింది.

వేణు:
అమ్మకి ఆ ఎకో ఇంకా తీయలేదక్కా, రేపే అడుగుతా. డాక్టర్ని ఇంకేం అడగాలి?

క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్:
గుండె చుట్టూ రక్తం చేరితే బీపీ ఉన్నట్టుండి పడిపోతుంది, వెంటనే సూదితో లాగేయాలి. కాబట్టి ఎకో మెషిన్ ల్యాబులోనే ఉంటుందా, సర్జన్ అందుబాటులో ఉంటారా అని మొహమాటపడకుండా అడుగు. పల్చబడే మందు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో వాళ్లనే చెప్పమను, మీరే ఆపేయొద్దు. అయిపోయాక కొన్ని గంటలు కుడికాలు మడవకుండా పడుకోవాలి. అది అమ్మకి ఇప్పుడే చెప్పిపెట్టు, సూదికి కిక్కురుమనని వాళ్లు కూడా అక్కడే గొడవ చేస్తారు.