చైల్డ్ ప్రాసెస్‌లు చదవడమే తప్ప రాయకపోయినా మెమరీ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న:
లినక్స్‌పై నడిచే ఒక పైథాన్ సర్వీసులో, దాదాపు 2 జీబీ డిక్షనరీని లోడ్ చేసుకున్న తరువాత పేరెంట్ ప్రాసెస్ ఎనిమిది చైల్డ్ ప్రాసెస్‌లను ఫోర్క్ చేస్తుంది, అంటే తన ప్రతులుగా పుట్టిస్తుంది. అవి ఆ డిక్షనరీని చదువుతాయే గానీ ఎక్కడా మార్చవు. కాపీ-ఆన్-రైట్ (ఎవరైనా రాసేవరకు కాపీ చేయకుండా పంచుకునే పద్ధతి) ఉంది కనుక పేజీలన్నీ, అంటే మెమరీని విభజించిన చిన్న ముక్కలన్నీ, ఉమ్మడిగానే ఉండాలి. కానీ టాప్ కమాండ్ ప్రతి చైల్డ్‌కూ 2 జీబీ చూపిస్తోంది. పైగా సమయం గడిచేకొద్దీ ఖాళీ మెమరీ నిజంగానే తరిగిపోతోంది. రాయకుండానే కాపీలు ఎలా పుడుతున్నాయి?

జవాబు 1:
ముందు కొలతను సరిచూసుకోవాలి. టాప్ చూపే ఆర్ఎస్ఎస్ (ప్రాసెస్ వాడుతున్న ర్యామ్ కొలత) ఉమ్మడి పేజీలను ప్రతి ప్రాసెస్ ఖాతాలోనూ పూర్తిగా వేస్తుంది కాబట్టి, ఆ అంకెలను కూడి ప్రయోజనం లేదు. ప్రాక్ డైరెక్టరీలో ఆయా ప్రాసెస్ కింద ఉండే ఎస్‌మ్యాప్స్ ఫైలులో ప్రైవేట్ డర్టీ (ఆ ప్రాసెస్ ఒక్కదానికే చెందిన, మార్పు జరిగిన పేజీల పరిమాణం) విలువ చూడండి. అది పెరుగుతూ పోతుంటే కాపీలు జరుగుతున్నట్టే, మీ విషయంలో జరుగుతున్నాయనే అనుకుంటున్నాను.

ఫోర్క్ సమయంలో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) డేటాను ముట్టుకోదు. పేజ్ టేబుళ్లను (ఏ పేజీ మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టికలను) కాపీ చేసి, రాయడానికి వీలున్న ప్రైవేట్ పేజీలను ఇద్దరికీ రీడ్-ఓన్లీగా మారుస్తుంది. ఆ తరువాత ఎవరు రాయబోయినా పేజ్ ఫాల్ట్ (కెర్నల్‌ను రప్పించే అంతరాయం) వస్తుంది, అప్పుడు కెర్నల్ ఆ ఒక్క 4 కేబీ పేజీకి కొత్త ప్రతి తీసి, రాయబోయినవారికి ఇస్తుంది. అయితే సీపైథాన్‌లో (మామూలుగా వాడే పైథాన్‌లో) ఒక ఆబ్జెక్టును ఊరికే అందుకున్నా దాని హెడర్‌లోని రిఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎన్నిచోట్ల వాడుతున్నారో చెప్పే లెక్క) పెరుగుతుంది, వదిలేస్తే తగ్గుతుంది. మీ దృష్టిలో అది చదవడమే అయినా కెర్నల్ దృష్టిలో రాయడమే. కొన్ని బైట్ల కౌంటు మారినందుకు 4096 బైట్లూ కాపీ అవుతాయి.

జవాబు 2:
గార్బేజ్ కలెక్టర్ (వాడకంలో లేని ఆబ్జెక్టులను తొలగించే భాగం) కూడా ఆబ్జెక్టుల పక్కనే తన గుర్తులు రాసుకుంటుంది. అప్పటికే ఉన్న ఆబ్జెక్టులను కలెక్టర్ పరిశీలన నుంచి తప్పించే, పైథాన్ 3.7లో వచ్చిన జీసీ ఫ్రీజ్‌ను సరిగ్గా ఫోర్క్‌కు ముందు పిలిస్తే ఆ భాగం తగ్గుతుంది. పేరెంట్‌లో మొదటినుంచీ కలెక్టర్‌ను ఆపి ఉంచి, చైల్డ్‌లో తిరిగి ప్రారంభించడం మేలు. కానీ రిఫరెన్స్ కౌంట్లను ఇది ఆపదు. 3.12లోని ఇమ్మోర్టల్ (కౌంటు మారని) ఆబ్జెక్టులు నన్, ట్రూ వంటివాటికే పనికొస్తాయి, మీ డిక్షనరీలోని స్ట్రింగులకు కాదు. డేటాను నంపై (సంఖ్యల శ్రేణులకు వాడే పైథాన్ లైబ్రరీ) శ్రేణుల్లోకో, ఎమ్‌మ్యాప్ చేసిన (నేరుగా మెమరీకి జతచేసిన) ఫైలులోకో మార్చడమే అసలైన మందు, ఎందుకంటే అక్కడ లక్షల విలువలకు కలిపి ఒకటే హెడర్ ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ప్రైవేట్ డర్టీ పెరుగుతూనే ఉంది. నంపైకి మారితే ఫోర్క్‌కు ఇక ఖర్చేమీ ఉండదా?

జవాబు 1:
పేజ్ టేబుళ్ల ఖర్చు మిగులుతుంది. 2 జీబీ అంటే 4 కేబీ పేజీలు 5,24,288; ఎంట్రీకి 8 బైట్ల చొప్పున ఒక్కో చైల్డ్‌కు సుమారు 4 ఎంబీ, దీన్ని పట్టించుకోనక్కర్లేదు. ఫోర్క్ తరువాత పేరెంట్ ఆ శ్రేణులను అక్కడికక్కడే మార్చకుండా మాత్రం చూసుకోండి: అది రాసినా కాపీ తప్పదు, పైగా ఆ మార్పు చైల్డ్‌లకు కనిపించదు.