గ్రైండ్: పొడి చేసే మాటే పదును ఎందుకు పెడుతోంది?

పెద్దలందరికీ నమస్కారం. గ్రౌండ్ పెప్పర్‌ను 'నేల మిరియాలు' అని, గ్రౌండ్ మీట్‌ను 'నేల మాంసం' అని యంత్రం తెనిగించిన వంటల పేజీలు తరచూ కనబడుతున్నాయి. ఈ గ్రౌండ్ నేల కాదని, గ్రైండ్‌కు భూతకాల రూపమని తెలిస్తే ఆ తప్పు తీరిపోతుంది. నా సందేహం వేరు. కాఫీ గింజల్ని గ్రైండ్ చేస్తే పొడైపోతాయి, ఉలిని గ్రైండ్ చేస్తే పదునెక్కుతుంది. ఒకచోట వస్తువు రూపమే పోతోంది, ఇంకోచోట పనికొచ్చే అంచు పుడుతోంది. రెంటికీ ఒకే క్రియ ఎలా కుదిరింది? ఏ అర్థం ముందుది? 'యాక్స్ టు గ్రైండ్' అన్న జాతీయానికి మన 'కత్తులు నూరడం' సరిపోతుందా? వివరంగా చెప్పగలరు.

*

ముందు చరిత్ర సంగతి. పాత ఇంగ్లీషులో ఈ క్రియ గ్రిండన్. రాపిడితో నలిపి పొడి చేయడం, గీకడం దాని అర్థాలు. లాటిన్‌లో దీనికి చుట్టమైన ఫ్రెండెరె అంటే పళ్ళు పటపట కొరకడం. లిథుయేనియన్ చుట్టానికి గీకడం, రుద్దడం అని అర్థం. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ధాతువు ఏమిటో తెలుస్తుంది. దాని అసలు అర్థం పొడి కాదు, రాపిడి. గట్టివి రెండు ఒకదాన్నొకటి ఒరుసుకోవడం. పొడి చేయడం ముందు నుంచీ ఉంది. రాతి మీద రుద్ది నున్నగా చేయడం, పదును పెట్టడం అన్న అర్థాలు సుమారు 1300 నాటి రాతల నుంచి కనిపిస్తాయి.

ఇంకో విశేషం. తిరగలి పనికి ఇంగ్లీషుకు చుట్టాలైన జర్మానిక్ భాషలు ఎక్కువగా వాడేది మరో ధాతువుని. జర్మన్‌లో మాలెన్, డచ్చిలో మాలెన్, గోతిక్‌లో మలన్. లాటిన్ మొలెరె కూడా ఆ ఇంటిదే. ఇంగ్లీషులో ఆ క్రియ లేదు, దాని పిల్లలు మాత్రం ఉన్నాయి. పిండి అనే అర్థంలో మీల్ (ఓట్‌మీల్‌లో ఉన్నది) అటు నుంచి వచ్చిందే. భోజనం అనే మీల్ వేరు, దాని మూలార్థం కొలత, వేళ. మిల్ లాటిన్ నుంచి చేరింది. దవడపళ్ళకు మోలార్ అన్న పేరు కూడా లాటిన్‌లో తిరగలిరాయి అనే మోలా నుంచే. గ్రిస్ట్ మాత్రం గ్రైండ్‌కు సొంత అక్కచెల్లెలు, మరకు తెచ్చిన ధాన్యం అని అర్థం.

ఇక గ్రౌండ్ ఎలా వచ్చిందంటారా. పాత ఇంగ్లీషులో భూతకాలం ఏకవచనానికి గ్రండ్, బహువచనానికి గ్రుండన్, క్తాంతానికి (పాస్ట్ పార్టిసిపుల్‌కు) గ్రుండెన్ అని వేర్వేరు అచ్చులు. తర్వాత ఏకవచన రూపం పోయింది, 'ఉ' ఉన్న రూపం రెండు చోట్లా నిలిచింది. పాత ఇంగ్లీషు చివరి దశలో 'న్డ్' ముందున్న హ్రస్వాలు దీర్ఘమయ్యాయి: గ్రీండ్, గ్రూండ్. 15వ శతాబ్దం నుంచి జరిగిన పెద్ద అచ్చుల మార్పులో 'ఈ' కాస్తా 'ఐ'గా, 'ఊ' కాస్తా 'ఔ'గా మారాయి. అలా గ్రైండ్, గ్రౌండ్. ఫైండ్–ఫౌండ్, బైండ్–బౌండ్, వైండ్–వౌండ్ కూడా ఇదే దారిలో నడిచాయి. నేల అనే గ్రౌండ్ మాత్రం అడుగు, పునాది అనే గ్రుండ్ నుంచి వచ్చిన వేరే మాట. దారి ఒకటే కాబట్టి చివరికి రెండూ ఒకేలా పలుకుతున్నాయి, అంతే.

*

పై వివరణకు ఒక తెలుగు ముక్క జోడిస్తాను. అడిగినవారికి వింతగా తోచిన ఆ జోడింపు మన భాషలోనే ఉందండీ. కారం నూరతాం, మందు నూరతాం, కత్తి నూరతాం, కోపం వస్తే పళ్ళు నూరతాం. పొడి, పదును, పళ్ళు మూడూ ఒకే క్రియలో ఉన్నాయి. గ్రైండ్‌కు ఉన్న మూడు ముఖ్యమైన అర్థాలూ ఇవే. ఈ రెండు మాటలకూ చుట్టరికమేమీ లేదు, నూరు ద్రావిడ పదం. తమిళంలోనూ నూఱు అంటే పొడి చేయు, నాశనం చేయు అనే అర్థాలున్నాయి. కుప్ప నూర్పిడి, నూర్చడం ఈ కుటుంబంలోవే. పాత రాతల్లో బండి ఱతో నూఱు అని ఉంటుంది. వంద అనే నూఱు కూడా అలాగే రాసేవారు గానీ ఆ మాట వేరు.

సంబంధం లేని రెండు భాషలు ఒకే చోటికి ఎందుకు చేరాయి? పనిని చూస్తే తెలుస్తుంది. రాయి ఒకటే, ఒరిపిడి ఒకటే. రాతి కంటే మెత్తనిది దాని మీద పడితే మొత్తం నలిగి పొడవుతుంది. గట్టి లోహమైతే రాయి తాకిన మేరకే అరిగి అంచు తేలుతుంది. మొదటిదాంట్లో మనకు కావలసింది రాలిన పొడి, రెండోదాంట్లో కావలసింది మిగిలిన వస్తువు. క్రియ పేరు చెప్పేది చేతి పనిని, ఫలితాన్ని కాదు.

తేడా ఒకటి గమనించాలి. నిద్రలో పళ్ళ రాపిడికి కూడా ఇంగ్లీషు గ్రైండ్ అనే అంటుంది. మనం 'నిద్రలో పళ్ళు కొరుకుతాడు' అంటాం గానీ నూరుతాడు అనం. పళ్ళు నూరడంలో పగ ఉండాలి. దంతవైద్యం గురించి రాసేవారు ఇది మరిచిపోకూడదు.

*

అన్నా, నూరుడు ఒక్కటే చెప్తే వంటింటి పని సగమే అయితది. ఇంగ్లీషుల ఒక్క గ్రైండ్ ఉన్న కాడ మనకు పనిని బట్టి మాట మారుతది. ఎండు గింజను రెండు గుండ్రాళ్ళ నడుమ తిప్పి పిండి చేస్తే విసురుడు. మా దిక్కు ఇసుర్రాయి అంటం, ఆంధ్ర దిక్కు తిరగలి. నానబెట్టిన పప్పును నీళ్ళు చిలకరిస్తూ రోట్లో పొత్రం తిప్పితే రుబ్బుడు. కొంచెం సరుకును రాయి మీద రాయితోని ఒత్తి మెత్తగ చేస్తే నూరుడు. గంధం చెక్కను సాన మీద రుద్దితే అరగదీసుడు. యంత్రానికి తీసుకపోతే మర పట్టించుడు, మా కాడ గిర్నీ పట్టించుడు. దంచుడు ఇందుల కలవది. రోకలి పైనుంచి పడుతది, అది దెబ్బ, రాపిడి కాదు. ఇంగ్లీషుల దానికి పౌండ్ అని వేరే మాటనే ఉన్నది.

గ్రైండ్ నామవాచకమైతే పొడి ఎంత సన్నగ ఉన్నదో చెప్తది. ఫైన్ గ్రైండ్, కోర్స్ గ్రైండ్ అంటరు. మనకు మెత్తగ, బరకగ, కచ్చాపచ్చగ, రవ్వగ అని తయారుగ ఉన్నయి, 'ముతక గ్రైండ్' అని రాయనక్కర లేదు. ఫిల్టర్ కాఫీకి పొడి మరీ మెత్తగైతే గిన్నె అడుగు చిల్లులు మూసుకుపోయి డికాక్షన్ దిగదు. బరకగుంటే నీళ్ళు సర్రున జారిపోయి పలచగ వస్తది. అందుకే అక్కడ 'కొంచెం బరకగా' అని ఒక్కమాట అనువాదంల పడితే చదివినోనికి పని జరుగుతది.

మిక్సీ గురించి ఒక్కమాట. దాని పేరుల గ్రైండర్ ఉన్నా అది చేసేది నరుకుడు. బ్లేడు గిరగిర తిరిగి పప్పును కోస్తది, వేడి పుట్టిస్తది. రాతి గ్రైండర్ల పప్పు రాళ్ళ నడుమ నలిగి, గాలి కలుపుకొని పొంగుతది. మినప్పప్పు నాలుగైదు గంటలు నానినంక చల్లటి నీళ్ళు ఒక్కసారి గాక కొద్దికొద్దిగ పోసి రుబ్బాలె. ఒక చుక్క గిన్నెడు నీళ్ళల్ల వేస్తే తేలాలె. మునిగితే ఇంకా రుబ్బాలె అన్నట్టు. నీళ్ళు ముందే ఎక్కువైతే రాళ్ళ నడుమ పప్పు జారిపోతది, రాపిడే ఉండదు. కోయంబత్తూరు వెట్ గ్రైండర్లకు భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ రాతి పనికే. అందుకే వెట్ గ్రైండర్‌ను 'రుబ్బే యంత్రం' అంటేనే అతుకుతది.

*

వంటింటి మాటలు బాగా చెప్పారు. ఇనుము పని వైపు కూడా అంతే ఖచ్చితంగా ఉండాలి, ఎందుకంటే అక్కడ గ్రైండ్, షార్పెన్, హోన్ మూడూ ఒకటి కాదు. తెలుగులో మూడింటినీ 'పదును పెట్టడం' అని రాసేస్తే చదివి చేసేవాడి పనిముట్టు పాడవుతుంది.

గ్రైండింగ్ అంటే తిరిగే చక్రం మీద లోహాన్ని అరగదీసి ఆకారం తేవడం. వడ్రంగి ఉలికి మామూలుగా 25 డిగ్రీల వాలు ఇక్కడ వస్తుంది. తర్వాతది షార్పెనింగ్, అంటే రాతి మీద అంచు తీయడం. 1000 నంబరు నీటిరాయి మీద మొదలుపెట్టి ఇంకా సన్నని రాయికి వెళ్తూ, అంచు దగ్గర మాత్రం 30 డిగ్రీలకు ఎత్తి రుద్దుతారు. ఒకవైపు రుద్దినప్పుడు రెండోవైపు అంచున సన్నని గరుకు లేస్తుంది, గోటికి తగులుతుంది. అది అంచు పొడవునా లేచేదాకా ఆ వైపు పని పూర్తి కానట్టే. దాన్ని తీసేసి నిగ్గు తేల్చేదే హోనింగ్. హోన్ అనే మాట కూడా పాత ఇంగ్లీషులో 'రాయి' అనే మాట నుంచే వచ్చింది.

చక్రం మీద జరిగే పెద్ద తప్పు వేడి. ఉలిని ఒకేచోట నొక్కి పెడితే అంచు ముందు గడ్డి రంగుకు, ఆ తర్వాత నీలానికి తిరుగుతుంది. నీలం వచ్చిందంటే సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్ళినట్టు. మామూలు కార్బన్ ఉక్కుకు ఎక్కించిన గట్టిదనం అక్కడ పోతుంది, ఎంత రుద్దినా ఆ అంచు నిలవదు. నీలమెక్కినంత మేర అరగదీసి కొత్త ఉక్కు దాకా రావాల్సిందే. అందుకే రెండు మూడు సెకన్లకోసారి నీళ్ళలో ముంచుతూ, అటూ ఇటూ జరుపుతూ పట్టాలి. పనిముట్టు ఆనించే పలకకూ చక్రానికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ముక్క లోపలికి లాక్కుపోయి చక్రం పగలొచ్చు.

ఈ వేడి గొడవ వల్లే పాతకాలంలో చక్రం అడుగున నీళ్ళ తొట్టి ఉండేది. ఇంగ్లండులోని షెఫీల్డులో కత్తుల పనివాళ్ళు తడి మీద నూరేవారు. ఫోర్కుల పనివాళ్ళు మాత్రం పొడి రాయి మీద నూరేవారు. ఆ ఇసుకరాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడై చిన్న వయసులోనే పోయేవారు. దానికి 'గ్రైండర్స్ ఆస్త్మా' అని పేరే పడింది. 19వ శతాబ్దపు వైద్యుల రాతల్లో ఆ జబ్బు వివరాలు కనిపిస్తాయి. అక్కడ గ్రైండర్ అంటే యంత్రం కాదు, మనిషి. అనువాదంలో 'సాన పట్టేవాడు' అని రాయాలి. మన సాన సంస్కృత శాణ నుంచి వచ్చింది. సానరాయి, సానపెట్టడం, గంధపు సాన అన్నీ దాని సంతానమే.

*

ఇక జాతీయాలు. అడిగినవారు మొదట్లో ఎత్తిన ప్రశ్న అందరం వదిలేశాం.

'యాక్స్ టు గ్రైండ్'కు కత్తులు నూరడం సరిపోదు, ఖచ్చితంగా సరిపోదు. మన జాతీయంలో శత్రుత్వం ఉంది. ఫలానావాడి మీద కత్తులు నూరుతున్నాడంటే దెబ్బ తీయడానికి సిద్ధమవుతున్నాడని. అమెరికాలో పుట్టిన ఆ జాతీయంలో ఉన్నది దాచుకున్న స్వార్థం. 1810లో చార్లెస్ మైనర్ అనే పెన్సిల్వేనియా పత్రికాకారుడు రాసిన కథ దానికి మూలమని చెబుతారు. గొడ్డలి పట్టుకొచ్చిన ఒక మనిషి బడికెళ్ళే పిల్లవాణ్ణి తెగ పొగిడి సానరాయి తిప్పిస్తాడు. గొడ్డలి సగం కూడా నూరకముందే బడి గంట కొడుతుంది, పిల్లవాడి చేతులు బొబ్బలెక్కుతాయి. చివరికి గొడ్డలి పదునెక్కాక ఆ మనిషి 'బడి ఎగ్గొట్టావురా' అని కసురుతాడు. ఎవరైనా అతిగా మర్యాద చేస్తే వీడికీ నూరాల్సిన గొడ్డలి ఉందేమో అనుకోవాలన్నమాట. తెలుగులో 'ఇందులో అతని స్వలాభం ఉంది', 'లోపల ఏదో లెక్క ఉంది' అంటే దగ్గరగా వస్తుంది. ఇప్పుడు కొందరు 'పాత కక్ష' అనే అర్థంలో కూడా వాడుతున్నారు. వాక్యం చూసి తేల్చుకోవాలి. ఈ కథను అమెరికా నాయకుడు, రచయిత బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు అంటగట్టడం తరచూ జరిగే పొరపాటు. ఆయన ఆత్మకథలో ఉన్నది వేరే గొడ్డలి. అక్కడ గొడ్డలి యజమానే చక్రం తిప్పలేక అలిసి, మచ్చలున్న గొడ్డలే ఇష్టమంటాడు.

'నోస్ టు ద గ్రైండ్‌స్టోన్' 16వ శతాబ్దం నాటిది. ఇప్పుడు తలెత్తకుండా పని చేయడం అని వాడుతున్నారు గానీ మొదట్లో అది మరొకరి ముక్కును రాయికి అదిమి పట్టడం, అంటే అణచి హింసించడం. పిండి మాడుతోందేమోనని మరవాడు వాసన చూడటం నుంచి వచ్చిందనే వివరణ ప్రచారంలో ఉంది. దాన్ని నమ్మలేం. గ్రైండ్‌స్టోన్ అంటే సానరాయి, పిండి విసిరేది మిల్‌స్టోన్.

చదువుల వాడుకలో మాత్రం రెండు భాషలూ మళ్ళీ కలిశాయి. 19వ శతాబ్దపు అమెరికా కళాశాలల్లో రాత్రింబవళ్ళు చదివే చదువునీ, అలా చదివేవాణ్ణీ కూడా గ్రైండ్ అనేవారు. ఐర్లండులో ఈనాటికీ ట్యూషన్లను గ్రైండ్స్ అంటారు. మన దగ్గర ఇంటర్ పిల్లల్ని 'తెగ రుబ్బేస్తున్నారు' అనడం వినని వాళ్ళుండరు. ఇక్కడ రుబ్బడం అంటే సరిగ్గా కుదురుతుంది, నూరడం అంటే కుదరదు. చెప్పిందే చెప్పడానికి సంస్కృతంలో పిష్టపేషణం అన్నారు, అంటే పిండిని మళ్ళీ పిండి చేయడం. దానికి ఇంగ్లీషులో గ్రైండ్‌తో జోడీ లేదు.

*

అందరికీ ధన్యవాదాలండీ. ఒక్క చిన్న సందేహం మిగిలింది. వీడియో గేముల గురించి రాసేవారు 'గ్రైండెడ్' అంటున్నారు, అది తప్పేనా?

*

కాఫీకీ, కత్తికీ, పళ్ళకూ గ్రౌండ్ అనే రాయాలి, గ్రైండెడ్ తప్పు. గేముల్లో అంకెలు పెంచుకోవడానికి చేసిన పనే చేస్తూ పోవడానికీ, స్కేట్‌బోర్డు ఇరుసును ఇనుప కమ్మీ మీద ఒరిపిస్తూ జారడానికీ మాత్రం ఆ వాడుకరుల్లో గ్రైండెడ్ బాగా నలిగింది. కొత్త అర్థంలోకి వెళ్ళిన క్రియ పాత అచ్చుమార్పు వదిలేసి మామూలు రూపం తెచ్చుకోవడం ఇంగ్లీషులో కొత్త కాదు. తెలుగులో గేము అర్థానికి 'గ్రైండ్ చేశాడు' అని ఉంచేయండి, నూరాడు అంటే ఎవరికీ అర్థం కాదు.